బండి బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతోందా? కొత్తది కొనే ముందు మీటరు పెట్టి చూడండి

ఒకే ఏడాదిలో నా బండికి రెండు బ్యాటరీలు మార్పించాను. 150 సీసీ బండి, కార్బ్యురేటర్ రోజులది. మొదటి బ్యాటరీ పోయినప్పుడు "పాతదైపోయింది సార్" అన్నారు, నమ్మాను. కొత్తది మూడు నెలలకే దిగిపోతే "మంచి పీసు పడలేదు" అన్నారు, అదీ నమ్మాను. మూడోసారి సెల్ఫ్ నొక్కితే టక్‌మని ఆగిపోయినప్పుడు మాత్రం ఖమ్మంలో ఒక పెద్దాయన దగ్గరికి తోసుకుంటూ తీసుకెళ్లాను. ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన బ్యాటరీని ముట్టుకోనే లేదు. సైడ్ కవర్ తీసి, మూడు పసుపు వైర్లు కలిసే కప్లర్‌ను విడదీసి నా చేతిలో పెట్టారు. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ ఒక మూల గోధుమరంగుకు మాడిపోయి, లోపలి పిన్ను నల్లబడి ఉంది. ఆ ఒక్క పిన్ను నా రెండు బ్యాటరీలనూ తినేసింది.

చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు. దానికి సరిగ్గా ఛార్జింగ్ అందకపోవడమో, ఎక్కిన ఛార్జింగ్ రాత్రికి రాత్రి ఎటో కారిపోవడమో అసలు సంగతి. ఏదన్నది తేల్చడానికి మూడు నాలుగు వందల రూపాయల డిజిటల్ మల్టీమీటరు, ఒక ఆదివారం పొద్దున చాలు. ఎలాగో వరసగా చెబుతాను. వరస ముఖ్యం. మధ్యలో ఒకటి వదిలేసి ముందుకు వెళ్తే మంచి పార్టు తీసేసి డబ్బు పోగొట్టుకుంటాం.

ముందు కరెంటు ఏ దారిన వస్తుందో తెలుసుకోండి. ఇంజిన్ తిరిగితే మాగ్నెట్ తిరుగుతుంది. దాని లోపల కదలకుండా ఉండే స్టేటర్ కాయిల్‌లో ఏసీ కరెంటు పుడుతుంది. ఆ ఏసీ పసుపు వైర్ల మీదుగా ఆర్‌ఆర్ యూనిట్‌కు వెళ్తుంది. రెక్టిఫైయర్, రెగ్యులేటర్ రెండూ కలిసిన రెక్కల డబ్బా అది. ఏసీని డీసీగా మార్చేదీ, వోల్టేజీ హద్దు దాటకుండా ఆపేదీ అదే. అక్కడి నుంచి ఫ్యూజు మీదుగా బ్యాటరీకి. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా చివరకు బయటపడేది బ్యాటరీ దగ్గరే. అందుకే నింద దాని మీద పడుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మల్టీమీటరు, 10 నంబర్ స్పానర్, స్క్రూడ్రైవర్, గరుకు కాగితం ముక్క, పాత టూత్ బ్రష్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, వాజిలిన్, మీ బండికి సరిపడే రెండు స్పేర్ ఫ్యూజులు. చేతి ఉంగరం, వాచీ, కడియం తీసేయండి. స్పానరూ ఉంగరమూ కలిసి ప్లస్సుకూ బాడీకీ మధ్య తగిలితే వేలు కాలిపోతుంది. ఛార్జ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గర్లో సిగరెట్, అగ్గిపుల్ల వద్దు.

బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు తీయాలి, ప్లస్ తర్వాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ఈ వరస తప్పితే ప్లస్ విప్పుతున్న స్పానర్ ఛాసిస్‌కు తగిలి షార్ట్ అవుతుంది.

మొదట కళ్లతో, చేతులతో

మీటరు తీయకముందే సగం జబ్బులు కనిపిస్తాయి. బ్యాటరీ టెర్మినల్ వైర్లను వేలితో పట్టుకుని కదపండి. కొంచెం తిరిగినా బిగువు చాలదన్నట్టే. టెర్మినల్ మీద తెల్లగా గానీ పచ్చగా గానీ పొడి పట్టి ఉంటే వేడినీళ్లలో వంట సోడా కలిపి బ్రష్‌తో కడగండి, ఆ నీళ్లు సెల్లులోకి పోకుండా చూసుకోండి. ఆరాక గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన పల్చగా వాజిలిన్ రాయండి. ముందు రాసి తర్వాత బిగించే వాళ్లున్నారు. బిగించాక రాయడమే సరి.

మైనస్ వైరు రెండో కొసను చాలామంది చూడరు. అది ఛాసిస్‌కో ఇంజిన్‌కో బోల్టు వేసి ఉంటుంది. ఆ బోల్టు కింద తుప్పో పెయింటో ఉంటే ఎర్త్ సరిగ్గా అందదు. లైట్లు మినుకుమనడం, ఇండికేటర్ వేస్తే స్పీడోమీటరు బల్బు కూడా దానితో పాటే వెలిగి ఆరడం లాంటి వింత లక్షణాలు చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి. విప్పి, గీకి, బిగించండి.

తర్వాత ఫ్యూజు. పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్‌ది వేయాలి. సిగరెట్ డబ్బాలోని రేకు కాగితం చుట్టడం, రాగి తీగ పెట్టడం చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి. ఫ్యూజు కరిగి ఆగాల్సిన కరెంటు అప్పుడు వైరింగ్ కిట్ మొత్తాన్నీ కరిగిస్తుంది, పక్కనే పెట్రోల్ ట్యాంక్ ఉంటుంది. కొత్తది వేసిన వెంటనే మళ్లీ పోతే ఎక్కడో షార్ట్ ఉంది. అది దొరికేదాకా మూడో ఫ్యూజు వేయొద్దు.

బ్యాటరీ ఒక్కదాన్నే పరీక్షించడం

మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర ప్రోబ్ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. బండి అప్పుడే నడిపి ఆపి ఉంటే రీడింగ్ ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున చూడటం మేలు. అంత ఓపిక లేకపోతే కీ ఆన్ చేసి ఒక నిమిషం లైట్లు వెలిగించి, ఆపి, ఐదు నిమిషాలాగి చూడండి.

12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే దాదాపు సగం. 12.0కు దిగితే పావు మిగిలింది. 11.8 కంటే కిందికి పోయి వారాల తరబడి అలాగే ఉంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా కోలుకోదు. ఛార్జ్ చేసి తీసిన బ్యాటరీ 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చిపోయింది. ఒక్కో సెల్లు రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. దాన్ని మార్చాల్సిందే.

వోల్టేజీ తక్కువ ఉంటే ముందు బయటి ఛార్జర్‌తో నింపాకే మిగతా పరీక్షలు చేయండి. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు పెట్టాలి. 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యానికి కొలత) బ్యాటరీకి అర ఆంపియర్. షాపుల్లో తొందరగా అయిపోవాలని కారు బ్యాటరీకి పెట్టేంత పెట్టేస్తుంటారు. చిన్న బ్యాటరీ వేడెక్కి ఉబ్బిపోతుంది. పక్కనే ఉండి అడగండి. మూతలున్న పాత రకం బ్యాటరీ అయితే నీళ్లు రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు, ఇంట్లో ఆర్‌వో నీళ్లు, యాసిడ్ ఏవీ వద్దు. మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీ మూత అసలు తెరవకూడదు.

నిండిన బ్యాటరీని బండికి పెట్టి, ప్రోబ్‌లు టెర్మినల్స్ మీదే ఉంచి సెల్ఫ్ నొక్కండి. ఇంజిన్ తిరిగేటప్పుడు వోల్టేజీ 9.6 కంటే కిందికి పడకూడదు. 12.6 చూపించిన బ్యాటరీ సెల్ఫ్ నొక్కగానే 7కో 8కో కూలిపోతే పైకి బాగున్నట్టు కనిపించినా లోపల సత్తువ లేదు. ఇంకో సంగతి: వోల్టేజీ 12 దాటి నిలబడే ఉండి, టక్ మని మాత్రమే వినిపిస్తే తప్పు బ్యాటరీది కాదు. సెల్ఫ్ రిలే (సెల్ఫ్ మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్చు), దాని లావు వైర్లు, లేదా సెల్ఫ్ మోటార్ చూడాలి.

ఇంజిన్ నడుస్తుండగా

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇది. బండి స్టార్ట్ చేయండి. ఐడిల్‌లో 13కు అటూఇటూ ఉండొచ్చు. నెమ్మదిగా ఎక్సలేటర్ ఇచ్చి 4000–5000 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. బ్యాటరీ మీద 13.5 నుంచి 14.8 మధ్య రావాలి. హెడ్‌లైట్, బ్రేక్ లైట్ వేసినా 13 కంటే తగ్గకూడదు.

ఎంత రేజ్ చేసినా 12.4, 12.3 అంటూ దిగుతూ పోతే ఛార్జింగ్ రావడం లేదు. 15 దాటిపోతే ఛార్జింగ్ ఎక్కువవుతోంది. దాని గుర్తులు ముందే కనిపిస్తాయి: బల్బులు తరచూ మాడిపోవడం, బ్యాటరీ పక్కలు ఉబ్బడం, యాసిడ్ వాసన, నీళ్లు తొందరగా తగ్గిపోవడం. ఛార్జింగ్ ఎక్కువైతే ఆర్‌ఆర్ యూనిట్ పోయినట్టే అనుకుంటాం, చాలావరకు నిజమే. కానీ దాని ఎర్త్ వదులుగా ఉన్నా ఇలాగే జరుగుతుంది. ముందు ఎర్త్ చూడండి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగిపోలేదంటే ఛార్జింగ్ ఉన్నట్టే" అని చూసే పద్ధతి ఒకటుంది. పాత కాలం బండ్లలో కొన్నింటికి చెల్లింది. ఇప్పటి బండ్లలో బ్యాటరీ లేకపోతే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) కాలిపోవచ్చు, దాని ఖరీదు బ్యాటరీ కంటే చాలా ఎక్కువ. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక చిన్న బండ్లకు కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది కదా. ఇంజిన్‌కు పెట్రోల్ తోసే పంపు, ఈసీయూ రెండూ బ్యాటరీ మీదే లేస్తాయి. అందుకే ఆ బండ్లలో బ్యాటరీ పూర్తిగా చస్తే కిక్ కొట్టినా స్టార్ట్ కాకపోవచ్చు. పైగా 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు హెడ్‌లైట్ పగలూ రాత్రీ వెలిగే ఉంటుంది. పాత రోజుల్లో లాగా కొంచెం ఛార్జింగ్ తగ్గినా నెట్టుకొచ్చే వీలు లేదు.

కప్లర్లు, జాయింట్లు: ఇక్కడ తొందరపడొద్దు

ఛార్జింగ్ రావడం లేదని తేలగానే ఆర్‌ఆర్ యూనిట్ కొనడానికి పరిగెత్తకండి. ముందు జాయింట్లు.

స్టేటర్ నుంచి వచ్చే వైర్లు చాలావరకు ఇంజిన్ ఎడమ పక్క నుంచి పైకి వచ్చి ఒక కప్లర్‌లో కలుస్తాయి. చాలా బండ్లలో ఇవి మూడు పసుపు వైర్లు. వైరు పట్టుకుని లాగకుండా, లాక్ నొక్కి కప్లర్‌ను విడదీయండి. లోపల ప్లాస్టిక్ రంగు మారిందా, పిన్ను నల్లబడిందా, ఆడ పిన్ను నోరు వెడల్పైందా చూడండి. జాయింట్ వదులైతే అక్కడ వేడి పుడుతుంది, వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది. అలా నెలల తరబడి మాడుతూ పోతుంది. మూడు వైర్లలో ఒకటి ఇలా తెగితే ఛార్జింగ్ పూర్తిగా ఆగదు, సగానికి సగం పడిపోతుంది. పగలు దూరం నడిపిన రోజు బాగానే ఉంటుంది, ఊళ్లో ఆగుతూ తిరిగిన రోజు సెల్ఫ్ తిరగదు. నా బండి పరిస్థితి అచ్చం అదే. అందుకే ఎవరికీ దొరకలేదు.

కొద్దిగా నలుపైతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, ఆడ పిన్నును నోస్ ప్లయర్‌తో మెల్లగా బిగువు చేసి పెట్టండి. ప్లాస్టిక్ కరిగి ఉంటే కప్లర్ మార్చాల్సిందే. ఆటోమొబైల్ షాపుల్లో కొత్త కప్లర్, థింబుల్స్ (వైరు కొసకు బిగించే లోహపు పిన్నులు) విడిగా దొరుకుతాయి. కొందరు కప్లర్ కోసేసి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేస్తారు. మన ఎండకు ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, వానాకాలంలో లోపలికి నీళ్లు పోతాయి. మెలిపెట్టక తప్పకపోతే టంకం వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి.

కంటికి బాగున్న జాయింట్ కూడా కరెంటు తినేయొచ్చు. దాన్ని పట్టుకునే పద్ధతి ఇది. ఇంజిన్ నడుస్తూ, లైట్లు వెలుగుతూ, కొంచెం రేజ్‌లో ఉండగా మీటరు ఒక ప్రోబ్‌ను ఆర్‌ఆర్ యూనిట్ ఎర్ర వైరు పిన్నుకు వెనక నుంచి ఆనించండి, రెండోదాన్ని బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. 0.3 వోల్టు లోపు ఉండాలి. అర వోల్టో ఒక వోల్టో చూపిస్తే ఆ దారిలో ఫ్యూజు హోల్డరో, కప్లరో, కీ స్విచ్చో మింగేస్తోంది. ఒక్కో జాయింటుకు రెండు పక్కలా ప్రోబ్‌లు పెట్టుకుంటూ వస్తే దొంగ దొరుకుతాడు. అలాగే ఆర్‌ఆర్ యూనిట్ ఎర్త్ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూడండి. అక్కడ 0.2 దాటకూడదు.

ఇంకా చూడాల్సిన చోట్లు: హ్యాండిల్ మెడ దగ్గర వైర్ల కట్ట. హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతుంటే లైటు ఆరి వెలిగితే వైరు లోపలే తెగింది. సీటు కింద, ట్యాంక్ కింద వైర్లు ఛాసిస్ అంచుకు ఒరుసుకునే చోట. పల్లెటూళ్లలో, సెల్లార్లలో నిలిపే బండ్లకు ఎలుకలు కొరికిన చోట. వరద నీళ్లలో దిగిన బండి అయితే ప్రతి కప్లరూ విప్పి, ఆరబెట్టి, స్ప్రే కొట్టాల్సిందే.

స్టేటర్ కాయిల్

జాయింట్లన్నీ బాగుండి ఛార్జింగ్ రాకపోతే ఇప్పుడు కాయిల్. ఇంజిన్ ఆపి, ఆ పసుపు కప్లర్ విడదీయండి. మీటరు ఓమ్స్ 200 దగ్గర పెట్టి, ముందు రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి తాకించండి. వచ్చిన అంకెను గుర్తుపెట్టుకుని తర్వాతి రీడింగుల్లోంచి తీసేయాలి. ఇప్పుడు ఒకటికీ రెండుకూ, రెండుకూ మూడుకూ, మూడుకూ ఒకటికీ మధ్య కొలవండి. సాధారణంగా ఒక ఓమ్ లోపే ఉంటుంది, మూడూ ఒకేలా ఉండాలి. తర్వాత ఒక్కో పసుపు వైరుకూ ఇంజిన్ బాడీకీ మధ్య చూడండి. మూడు ఫేజుల (మూడు పసుపు వైర్ల) కాయిల్‌కు బాడీతో ఏ సంబంధమూ ఉండకూడదు. ఉంటే కాయిల్ మాడి బాడీకి అంటుకుంది. పాత 100 సీసీ బండ్లు చాలావాటిలో కాయిల్ ఒక కొసను కంపెనీయే బాడీకి కలిపి ఉంచుతుంది. అక్కడ ఈ పరీక్ష చెల్లదు, మంచి కాయిల్‌ను పోయిందనుకుంటారు.

కప్లర్ విడదీసే ఉంచి బండి స్టార్ట్ చేసి, మీటరును ఏసీ 200 వోల్టుల దగ్గరకు మార్చి, కాయిల్ వైపు పిన్నుల్లో రెండేసి చొప్పున చూడండి. రేజ్ పెరిగే కొద్దీ వోల్టేజీ పెరగాలి. 4000–5000 దగ్గర చాలా బండ్లు 40 నుంచి 60 వరకు, కొన్ని అంతకంటే ఎక్కువా చూపిస్తాయి. అంకె కంటే మూడు జతలూ సమానంగా ఉండటం ముఖ్యం. రెండు జతలు 50 చూపించి మూడోది 25 చూపిస్తే కాయిల్‌లో ఒక పక్క పోయింది. పిన్నులకు చేయి తగలనివ్వకండి, షాక్ కొడుతుంది.

కాయిల్ మార్చాలంటే మాగ్నెట్ కవర్ తీయాలి. ఇంజిన్ ఆయిల్ కారుతుంది, గ్యాస్కెట్ కొత్తది కావాలి. ఇక్కడ మెకానిక్ చేత చేయించుకోవడమే మేలు. తక్కువలో అవుతుందని పాత కాయిల్‌కే తీగ చుట్టించే వాళ్లున్నారు. వేడి నూనెలో తడుస్తూ ఉండే కాయిల్ అది. దానికి తగ్గ తీగ, వార్నిష్ వేయకపోతే మళ్లీ మాడుతుంది. నేనైతే కొత్తదే వేయిస్తాను.

ఆర్‌ఆర్ యూనిట్

జాయింట్లు బాగున్నాయి, కాయిల్ బాగుంది, అయినా బ్యాటరీ మీద 13.5 రావడం లేదు, లేదా 15 దాటుతోంది. అప్పుడు మిగిలింది ఆర్‌ఆర్ యూనిట్టే. డయోడ్ మోడ్‌లో కొలిచే పద్ధతులున్నాయి గానీ ఇప్పటి యూనిట్లలో అవి కొన్నిసార్లు తప్పు చూపిస్తాయి. అన్నీ తేల్చాక దాన్ని మార్చి చూడటమే నమ్మకం. వేడే దీనికి శత్రువు. దాని రెక్కలకు బురద గట్టిపడి ఉంటే కడిగేయండి, గాలి తగలకుండా అడ్డంగా ఏమీ కట్టొద్దు.

రాత్రికి రాత్రి దిగిపోతుంటే

నడుస్తున్నప్పుడు 14 వస్తోంది, రెండు రోజులు నిలిపితే చచ్చిపోతోంది. అంటే ఎక్కడో కారుతోంది. కీ ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, మీటరు ఎర్ర ప్రోబ్ వైరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, ఆ వైరుకూ మైనస్ టెర్మినల్‌కూ మధ్య కలపండి. మీటరు ఇలా ఉండగా కీ ఆన్ చేయకండి, సెల్ఫ్ నొక్కకండి, మీటరు కాలిపోతుంది. గడియారానికీ ఈసీయూకీ కొద్ది మిల్లీ ఆంపియర్లు పోవడం మామూలే. 50 మిల్లీ ఆంపియర్లు పోతుంటే రోజుకు 1.2 ఏహెచ్ లెక్క. 5 ఏహెచ్ బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ. జీపీఎస్ ట్రాకర్, అలారం, మొబైల్ ఛార్జర్, ఫాగ్ లైట్ల వైర్లు ఒక్కొక్కటే విడదీస్తూ చూడండి, ఏది తీస్తే అంకె పడిపోతే అదే. ఏదీ కాకపోతే ఆర్‌ఆర్ యూనిట్ కప్లర్ తీయండి. లోపలి డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) పాడైతే బ్యాటరీ కరెంటు వెనక్కి కారిపోతుంది.

బయటి నుంచి తెచ్చి బిగించే సామాన్లను కాయిలూ వైరింగూ తట్టుకోవాలి. 35 వాట్ల హెడ్‌లైట్ స్థానంలో 100 వాట్లది పెడితే 3 ఆంపియర్ల చోట 8 లాగుతుంది. స్విచ్చూ హోల్డరూ కరిగిపోతాయి, కాయిల్ ఇచ్చేది చాలదు. ఫాగ్ లైట్లు కావాలంటే బ్యాటరీ నుంచి విడి ఫ్యూజుతో, రిలే పెట్టి వేయించండి. హారన్ వైరు చెక్కి మెలిపెట్టడం వద్దు. ఇంటి వైరింగ్ సింగిల్ తీగ కూడా బండికి పనికిరాదు, అదురుకు విరిగిపోతుంది.

ఇన్ని చూశాక బ్యాటరీయే పోయిందని తేలితే

అప్పుడు ధైర్యంగా కొనండి. కంపెనీ చెప్పిన ఏహెచ్‌నే తీసుకోండి, తయారీ నెల చూడండి. షాపులో యాసిడ్ పోసి ఇచ్చే రకం అయితే పోయగానే బండికి పెట్టించుకోవద్దు. అరగంటైనా కదపకుండా ఉంచి, తర్వాత తక్కువ కరెంటుతో పూర్తిగా ఛార్జ్ చేయించి తీసుకోండి. ఈ మొదటి ఛార్జ్ ఎగ్గొడితే ఆ బ్యాటరీ జీవితాంతం నిండదు.

పెట్టిన రోజే మూడు అంకెలు రాసి ఉంచుకోండి: పొద్దున స్టార్ట్ చేయకముందు వోల్టేజీ, సెల్ఫ్ నొక్కినప్పుడు పడిన వోల్టేజీ, రేజ్‌లో వచ్చిన వోల్టేజీ. నావి సీటు అడుగున మార్కర్‌తో రాసుకున్నాను: 12.7, 10.8, 14.2. ప్రతి వానాకాలం ముందూ తర్వాతా సీటు ఎత్తి, మీటరు పెట్టి, ఆ అంకెలతో సరిచూస్తున్నాను.